నికాసియో ఎడమకాలు

సెర్రో మామేయ్
14 ఫిబ్రవరి 1993

వదినా,

మీరు పంపిన మందుల పొట్లం, ఉన్ని బనీను బస్సు డ్రైవరు ఆదివారం ఇచ్చి వెళ్ళాడు. బనీను చేతులు కాస్త పొడుగయ్యాయి. మడిచి కుట్టాను.

మీ తమ్ముడు పోసా రికా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి నెల కావస్తోంది. చూసినవాళ్ళెవరూ జబ్బుపడి లేచిన మనిషి అనుకోరు. మాట ముద్దముద్దగా రావడం పోయింది. మొక్కజొన్న బస్తా భుజానికెత్తుకుంటున్నాడు, కత్తి పట్టి కలుపు కొడుతున్నాడు. అక్కడి డాక్టరు మెదడులో కాసేపు రక్తం ఆగిందని, విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేశాడు. కానీ ఇంట్లో ఉండి చూస్తున్నదాన్ని నేను కదా. నాకు భయంగా ఉంది వదినా.

తొట్టి దగ్గర మొహానికి సబ్బు రుద్దుకుని కళ్ళు మూసుకున్నాడంటే చాలు, పక్కకి ఒరిగిపోతున్నాడు. మొదటిసారి కాలు జారిందనుకున్నాను. రెండోసారి భుజం పట్టుకోబోతే నా చెయ్యి విదిలించేశాడు. "నేనేమన్నా పసిపిల్లాణ్ణా, నీళ్ళు పోయడానికొచ్చావ్?" అని కసిరాడు. ఇప్పుడు ఒక కన్ను తెరిచిపెట్టుకుని మొహం కడుక్కుంటున్నాడు. సబ్బు మండి ఆ కన్ను పొద్దంతా ఎర్రగా ఉంటోంది. ఎడమచేత్తో కాఫీ కప్పు పట్టుకుంటే, దాని వంక చూస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఎవరో పిలిచారని తల తిప్పాడా, కప్పు నేల మీద ఉంటుంది. పడిందన్న సంగతి చప్పుడు విన్నాకే తెలుస్తుంది ఆయనకి.

ఇంకో బాధ కూడా ఉంది. ఈ జబ్బు, డిసెంబర్లో మీ తమ్ముడు జట్టుతో స్తంభం ఎక్కి ఆడిన గ్వాదలూపే మాత పండగ వెళ్ళిన వారంలోనే వచ్చింది కదా. ముసలి మెలెసియో ఊరంతా ఒకటే మాట చెప్తున్నాడు. "స్తంభం ఎక్కే ముందు నిష్ఠ తప్పితే ఇట్టాగే అవుద్ది. మగాడు దూరంగానే పడుకుంటాడు. ఆడదే ఊరుకోదు." ఈ మాట పిండి మర దగ్గర, నాకు వినబడేలాగా అన్నాడు. మీ నాన్నగారి తర్వాత, మీ తమ్ముడు ఎదిగేదాకా, జట్టుకి నాయకుడుగా ఉన్నవాడాయన. ఆయన నోటి నుంచి వస్తే ఊరికి అదే మాట. వదినా, ఆ రోజుల్లో నేను మీ తమ్ముడి పక్క వైపు కూడా పోలేదు. మాత మీద ఒట్టు. అయినా మీ తమ్ముడు వారం రోజులు నాతో మాట్లాడలేదు. తన మనసుకి తెలియదా?

మీరు అంత పెద్ద ఆసుపత్రి వంటింట్లో ఉన్నారు. డాక్టర్లకి పులుసు వడ్డించేటప్పుడు ఒక్క మాట అడగండి.

మీ మరదలు
తోమాసా


హలాపా
28 ఫిబ్రవరి 1993

తోమాసాకి,

నీ ఉత్తరం చదివి అన్నం సయించలేదు. ఇక్కడ ఒకటే ముసురు, దానికి తోడు నా మోకాళ్ళు. అది వేరే సంగతి.

నరాల డాక్టరమ్మ ఒకావిడ ఉంది. చిన్న వయసే కానీ గొప్ప తెలివైంది. నేను చేసే బీన్స్ పులుసంటే ప్రాణం. ఆవిడ గిన్నె పట్టుకుని వరసలో నుంచున్నప్పుడు అడిగేశాను. "నొప్పి, వేడి తెలుస్తున్నాయా? కళ్ళు మూసుకుంటే కాలి బొటనవేలు పైకి లాగారో కిందికి లాగారో చెప్పగలడా?" అని రెండు ప్రశ్నలు వేసింది. ఇంతలో పిలుపొస్తే పులుసు అక్కడే వదిలేసి పరుగెత్తింది. కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. వాణ్ణి పడుకోబెట్టి, కళ్ళు మూసుకోమని, ఎడమ బొటనవేలు పైకోసారి, కిందికోసారి కదిపి ఎటు కదిలిందో అడుగు. నొప్పి, వేడి కూడా చూడు. అవి తెలుస్తున్నాయంటే నరం బతికే ఉన్నట్టు. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో పనిచేశాను, నాకామాత్రం తెలియదా?

ఇక రెండో సంగతి. మెలెసియో నోటి దురుసు మనిషే కానీ లేనిది పుట్టించి చెప్పేవాడు కాదు. నేను నీకు పరాయిదాన్ని కాను. ఏదైనా జరిగుంటే నా ఒక్కదానికీ చెప్పు, ఇక్కడ మాత గుడిలో దీపం పెట్టిస్తాను. వయసులో ఉన్నవాళ్ళు, తప్పు జరగదని అనను.

వాడి తిండి జాగ్రత్త. ఉప్పు తగ్గించు. నీ చెయ్యి ఉప్పు దగ్గర ఎప్పుడూ ధారాళమే.

సెనైదా


సెర్రో మామేయ్
17 మార్చి 1993

వదినా,

దీపం పెట్టించనక్కర్లేదు. జరగనిదానికి దీపాలెందుకు? మా పెళ్ళప్పుడు నా జడ దువ్వినవారు మీరు. మీరు కూడా ఆ మాట అడుగుతారనుకోలేదు. రెండు రోజులు ఉత్తరం రాయబుద్ధి కాలేదు.

మీరడిగినవి చెప్తాను. నొప్పి తెలుస్తోంది. మొన్న ఎర్రచీమలు ఎడమ పాదం పట్టుకుంటే గంతులేసి, చీమల వంశం మొత్తాన్ని తిట్టాడు. పెనం అంచు తగిలితే చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. బొటనవేలు కూడా చూశాను. ఎన్నిసార్లు కదిపినా సరిగ్గానే చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూట కోడిని కోసి మోలే పులుసు వండాను. ఉప్పు తక్కువే వేశాను లెండి.

మరి వెనీలా సంగతి నాకు అర్థం కావడం లేదు. పూత మొదలైంది. మీకు తెలుసు కదా, పువ్వు ఒక్క పొద్దే విచ్చుకుంటుంది. ఆ పూటలోనే పుల్లతో లోపలి పొర ఎత్తి బొటనవేలితో మెల్లగా నొక్కితేనే కాయ పడుతుంది. మీ తమ్ముడి చెయ్యి మన చుట్టుపక్కల పేరున్న చెయ్యి. ఇప్పుడు ఆయన వెళ్ళిన వరస వెనకే నేను వెళ్ళి చూస్తే పువ్వులన్నీ నలిగి, చిరిగి, కొన్ని తొడిమతో సహా తెగి ఉన్నాయి. "ఎంత గట్టిగా నొక్కుతున్నావో తెలియడం లేదా?" అని అడిగాను. తన వేళ్ళ వంక తనే వింతగా చూసుకున్నాడు. "ఈ ఏడు పువ్వే మెత్తగా ఉంది" అన్నాడు. చీమ కుడితే తెలిసే చేతికి పువ్వు తెలియకపోవడం ఏమిటి వదినా?

అసలు గొడవ ఇంకా ఉంది. మీ ఉత్తరం బల్ల మీద ఉంటే చదివేశాడు. చదివి టోపీ పెట్టుకుని మెలెసియో ఇంటికి వెళ్ళి, "హలాపాలో డాక్టర్లు నరం బతికే ఉందన్నారు. అక్క రాసింది. జూన్లో కోర్పుస్ పండక్కి నేనే ఎక్కుతా" అని చెప్పి వచ్చాడు. నలుగురు తాళ్ళు కట్టుకుని తలకిందులుగా తిరుగుతూ దిగుతారు, వాళ్ళకి తాడైనా ఉంటుంది. నాయకుడికి ఏముంది? కొసన జానెడు దిమ్మ మీద నుంచుని, పిల్లనగ్రోవి ఊదుతూ, డప్పు కొడుతూ చిందెయ్యాలి. మొహం కడుక్కుంటేనే పడిపోయే మనిషి!

ఆయనకే విడిగా ఒక ఉత్తరం రాయండి. ఈ ఏడు వద్దని చెప్పండి. మీ మాటంటే గురి.

తోమాసా


హలాపా
4 ఏప్రిల్ 1993, మట్టల ఆదివారం

తోమాసాకి,

కోపం తెచ్చుకోకు. పెద్దదాన్ని, అడగవలసింది అడిగాను. అంతే.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చీమ కుట్టింది తెలుస్తోంది, వేడి తెలుస్తోంది, బొటనవేలు తెలుస్తోంది. ఇంక వాడికేమైంది? పువ్వులు చిరిగాయంటే నెలల తరబడి పని మానేసిన చెయ్యి, మొరటెక్కి ఉంటుంది. డాక్టరమ్మ సెలవులో ఉంది, ఈస్టర్ అయ్యాక వస్తుంది. అయినా ఆవిడ అడిగిన రెంటికీ సమాధానం దొరికింది కదా.

ఒక మాట చెప్తాను, విను. మా నాన్న పోయేటప్పుడు పిల్లనగ్రోవి వాడి చేతిలో పెట్టాడు, నా చేతిలో కాదు. నేను ఆడదాన్ని, ఆ స్తంభాన్ని ముట్టుకోను కూడా కూడదు. నికాసియో పైన నుంచుని తల వెనక్కి వాల్చి సూర్యుణ్ణి చూస్తూ ఊదుతుంటే, కింద నుంచున్న నాకు మా నాన్నే కనిపిస్తాడు. ఆ ఒక్కటీ తీసేస్తే వాడికేం మిగులుతుంది, కలుపు కత్తి తప్ప? నువ్వు భయంకొద్దీ వాణ్ణి శాలువా కొంగున ముడేసుకుని ఇంట్లో కూర్చోబెట్టాలనుకుంటున్నావేమో అనిపిస్తోంది. మగాణ్ణి అలా కూర్చోబెడితే ఉన్న జబ్బుకి ఇంకోటి తోడవుతుంది.

వాడి టోపీకి కొత్త రిబ్బన్లు పంపుతున్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఇక్కడి బజారులో మంచి పట్టువి దొరికాయి. నువ్వే కుట్టు.

సెనైదా


సెర్రో మామేయ్
2 మే 1993

వదినా,

రిబ్బన్లు అందాయి. వాటిని చూసి మీ తమ్ముడు పండగే చేసుకున్నాడు. "చూశావా, అక్క దీవెన పంపింది" అని నా మొహం ముందు ఆడించాడు. వాటిని పొయ్యిలో పెడదామనుకున్నాను. మీకు కోపం వచ్చినా సరే, నిజం చెప్తున్నాను.

బొటనవేలి సంగతి అబద్ధం. నాకూ తర్వాతే తెలిసింది. ఆయన రెప్పల సందులోంచి చూస్తూ చెప్పాడు. అనుమానమొచ్చి మొన్న పడుకున్నప్పుడు టోపీ మొహం మీద కప్పి మళ్ళీ కదిపాను. పైకి లాగితే కిందికన్నాడు. కిందికి లాగితే ఏమీ అనలేదు. చివరికి నేను చెయ్యి తీసేసి ఊరికే కూర్చుంటే, "ఇప్పుడు పైకి లాగావ్" అన్నాడు. టోపీ తీశాను. నా చేతులు ఒళ్ళో ఉండటం చూశాడు. తర్వాత, "అక్కకి రాశావంటే నీకూ నాకూ చెల్లు" అన్నాడు. రాస్తున్నాను.

పిల్లనగ్రోవి కూడా తప్పుతోంది. చిల్లుల మీద ఎడమచేతి వేళ్ళు సరిగ్గా ఆనడం లేదు. గాలి పక్కనుంచి పోయి కీచుమంటోంది. వెదురు పచ్చిగా ఉందని మూడు పిల్లనగ్రోవులు మార్చాడు. పాతవాటిని ఫెర్మిన్ తీసుకుని వాయిస్తే చక్కగా పలికాయి. ఫెర్మిన్ అంటే మీ పినతల్లి మనవడే, ఇప్పుడు తాడు మీద దిగే నలుగురిలో ఒకడు.

పెరట్లో ఒక దుంగ నిలబెట్టుకుని రోజూ దాని మీద అడుగులు వేస్తున్నాడు. మోకాలి ఎత్తు కూడా ఉండదు. కాళ్ళ వంక చూసుకుంటూ వేస్తే ఒక్క అడుగు తప్పదు. నిన్న నేను వెనీలా పాదుల వెనక ఉన్నానని ఆయనకి తెలియదు. నాలుగు దిక్కులకీ తిరిగి దణ్ణం పెట్టాడు, బాగానే ఉంది. తర్వాత తల వెనక్కి వాల్చి సూర్యుడి వంక చూశాడు. కాళ్ళ మీద నుంచి చూపు అలా తీశాడో లేదో, ఎడమకాలు దుంగ అంచు దాటి గాల్లోకి పోయింది. అది పోయినట్టు ఆయనకి తెలియనే లేదు. మొహంలో ఇంకా నవ్వు ఉండగానే వెల్లకిలా పడ్డాడు.

ఇంట్లోకొచ్చాక వీపు గీసుకుపోయిందేమని అడిగితే, "దూడ పొడిచింది" అన్నాడు. మనకి దూడ ఎక్కడుంది వదినా?

ఆ స్తంభం మీద సూర్యుణ్ణి చూడకుండా నాయకుడు దిగడానికి లేదు. అది మీకు నాకంటే బాగా తెలుసు. డాక్టరమ్మని వదలకుండా అడగండి. త్వరగా.

తోమాసా


హలాపా
18 మే 1993

తోమాసా, నా తల్లీ,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టుకోకు. నీ ఉత్తరం పట్టుకుని డాక్టరమ్మ గదిలోకే వెళ్ళాను. కూర్చోబెట్టి మొత్తం చదివించుకుంది. దూడ సంగతి దగ్గర కూడా నవ్వలేదు.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంత వరకు రాస్తాను. మెడ పైన, తల మొదలయ్యేచోట మెదడుకి కాడలాంటిది ఉంటుందట, బొటనవేలంత లావు. ఒంట్లోంచి కబుర్లన్నీ దాంట్లోంచే పైకి పోవాలి. నొప్పి, వేడి, చల్లదనం ఒక దారిన పోతాయి. మెత్తగా తాకింది, గట్టిగా నొక్కింది, కాలు ఎక్కడుంది, చెయ్యి ఎటు వంగింది అనే కబురు వేరే దారిన పోతుంది. మనవాడికి ఆ కాడలో ఒక సన్నటి రక్తనాళం మూసుకుపోయి ఆ రెండో దారి దెబ్బతిని ఉంటుందంటోంది. దెబ్బ కుడివైపు తగిలితే ఎడమవైపు ఒళ్ళు తెలియకుండా పోతుందట, ఆ దారి కిందనే అటునుంచి ఇటు దాటుతుంది కాబట్టి. మనిషిని చూడకుండా గట్టిగా చెప్పలేనంది. తీసుకురమ్మంది.

"మరి చీమ కుడితే గంతేశాడు కదమ్మా?" అని అడిగాను. "చీమ కబురు మొదటి దారిన పోతుందమ్మా. అది బాగానే ఉంది. అది బాగుందని రెండోది బాగున్నట్టు కాదు" అంది. "కాలిలో బలం ఉంది. కానీ ఆ కాలు ఎక్కడుందో చెప్పేది ఇప్పుడు ఆయన కళ్ళే. కళ్ళు పక్కకి తిప్పితే కాలు లేనట్టే" అంది. స్తంభం ఎత్తు ఎంతని అడిగింది. చర్చి గంట కంటే ఎత్తని చెప్పాను. కలం కింద పెట్టేసింది.

నరం బతికే ఉందని రాసింది నేను. డాక్టరమ్మ అనలేదు, నేనే అన్నాను. ఆ రిబ్బన్లు కూడా నేనే పంపాను. వాడు పడితే నా వల్లే పడినట్టు. నాకు తెలియని సంగతిలో పెద్దరికం చూపించాను తోమాసా.

వాడికి విడిగా రాశాను, ఇదే కవరులో పెట్టాను. ఎక్కొద్దని, నా మీద ఒట్టని రాశాను. మెలెసియోకి కూడా చెప్పు. కాళ్ళు పట్టుకో. పండగ లోపు వద్దామంటే ఇక్కడ వంటింట్లో నాకు సెలవివ్వడం లేదు, ఇద్దరు మానేశారు. ఎలాగైనా ఆపు.

సెనైదా


సెర్రో మామేయ్
31 మే 1993

వదినా,

మీ ఉత్తరం మీ తమ్ముడు చదివాడు. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అక్క ఆసుపత్రిలో ఉండి ఉండి పిరికిదైపోయింది. ముందు నరం ఉందంది, ఇప్పుడు లేదంటోంది" అన్నాడు.

మెలెసియో దగ్గరికి వెళ్ళాను. నిజంగానే కాళ్ళ దగ్గర కూర్చున్నాను. "పైన మనిషిని నిలబెట్టేది కాళ్ళనుకున్నావా? అక్కడ నిలబెట్టేది సూర్యుడు. నిష్ఠ ఉన్నోడు పడడు" అన్నాడు. "మరి పోయినసారి నిష్ఠ తప్పిందన్నారుగా?" అంటే, "అది నువ్వే చెప్పాలి" అన్నాడు. లేచి వచ్చేశాను.

నిన్న స్తంభం కోసం చెట్టు నరికారు. చెట్లని కాచే దేవుడు అడవి ముసలాయనకి సారా పోసి, క్షమించమని అడిగి, మగాళ్ళందరూ తాళ్ళు కట్టి ఈడ్చుకొచ్చారు. గొయ్యి తవ్వి ఉంది. మీ తమ్ముడు చాప, దుప్పటి తీసుకుని మెలెసియో ఇంటికి వెళ్ళిపోయాడు. పండగయ్యేదాకా జట్టంతా అక్కడే. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, ఎడమ పాదం వంక చూసి, జాగ్రత్తగా దాటాడు. ఆయనకి తెలుసు వదినా. తనకి తెలుసు. కానీ ఊరందరి ముందూ ఎక్కుతానని చెప్పాక వెనక్కి తీసుకోలేకపోతున్నాడు.

ఒక ఆలోచన వచ్చింది. కాగితం మీద పెట్టడం ఇష్టం లేదు. మాతకి దణ్ణం పెట్టుకోండి.

తోమాసా


హలాపా
20 జూన్ 1993

తోమాసాకి,

మన ఊరి కొట్టు రెఫూహియో సరుకు కోసం ఇక్కడికొచ్చాడు. అంతా చెప్పాడు. ఆ మొహంతో, ఆ నవ్వుతో చెప్తుంటే భూమిలోకి పోతే బాగుండుననిపించింది.

నా తమ్ముడు ఎక్కలేదు, బతికాడు, అది చాలు. రోజుకి పదిసార్లు అదే అనుకుంటున్నాను. కానీ కారణం అదా? స్తంభం గోతిలో కోడిని, మొక్కజొన్న తమాలెలని నైవేద్యం పెట్టాక, దిష్టి తీశాక, మగాళ్ళందరూ నిష్ఠలో ఉన్నప్పుడు, నా తమ్ముణ్ణి ఇంటికి రప్పించుకుని పక్కలోకి పిలిచావా? అదీ నేను పంపిన రిబ్బన్లు కుట్టే వంకతో! పైగా ఊరందరి ముందూ నోరు తెరిచి చెప్పావట. చెప్పడానికి నీకు నోరెలా వచ్చింది? మా నాన్న ఆ ఊళ్ళో ఇరవై ఏళ్ళు తల ఎత్తుకుని తిరిగాడు. ఆయన పేరు ఇప్పుడు పిండి మర దగ్గర ఆడవాళ్ళ నోట్లో నలుగుతోంది.

అప్పుడు డిసెంబర్లో కూడా నువ్వే అన్నమాట. ఫిబ్రవరిలో మాత మీద ఒట్టు వేశావు. నేనడిగితే దీపం పెట్టించనక్కర్లేదని పౌరుషంగా రాశావు. నీ మాట నమ్మి, మెలెసియో మనిషి మంచివాడు కాదని కూడా అనుకున్నాను. అమ్మాయీ, ఆకలైతే అన్నం తినాలి కానీ, నైవేద్యం తినకూడదు.

నువ్వు రాయకపోయినా ఫర్వాలేదు. వాడికి మందులు పంపుతున్నాను.

సెనైదా


సెర్రో మామేయ్
4 జూలై 1993

వదినా,

రాయొద్దన్నారు. రాయాలి. ఇది చదివాక పొయ్యిలో వేసేయండి.

పండగ రోజు పొద్దున చర్చి ముందు జనం నిండిపోయారు. స్తంభం నిలబెట్టి ఉంది. ఐదుగురూ వరసలో నుంచున్నారు. మీ తమ్ముడి టోపీకి మీ రిబ్బన్లు. మూడు రోజుల ముందు ఆయన ఆ రిబ్బన్లు కుట్టించుకోవడానికి ఇంటికొచ్చిన మాట నిజం. గుమ్మం బయట స్టూలు మీద కూర్చున్నాడు. నేను లోపల కుట్టి, కిటికీలోంచి టోపీ అందించాను. నా వేళ్ళు కూడా తగలలేదు. అంత నిష్ఠగా ఉన్నాడు మీ తమ్ముడు. అంత నిష్ఠగానే నేనూ ఉన్నాను, ఇప్పుడూ, డిసెంబర్లోనూ.

స్తంభం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. పిల్లనగ్రోవి కీచుమంది. ఒకరిద్దరు మొహాలు చూసుకున్నారు. మీ తమ్ముడు స్తంభానికి మెట్లలా చుట్టిన తాడు మీద చెయ్యి వేసి, ఎడమ పాదం వంక చూసి దాన్ని మొదటి మెట్టు మీద పెట్టాడు. పాదం పెట్టాక పైకి చూశాడు. పైకి చూడగానే పాదం జారింది. నేల దగ్గరే కాబట్టి ఏమీ కాలేదు. మెలెసియో అది చూడలేదు. నేను చూశాను.

అప్పుడు గీత దాటి లోపలికి వెళ్ళాను. ఆడవాళ్ళు రాకూడని చోటికి. "ఈయన ఎక్కకూడదు" అన్నాను. మెలెసియో, "పిచ్చెక్కిందా నీకు, బయటికి పో" అని అరిచాడు. "నిష్ఠ తప్పింది. రిబ్బన్లకి ఇంటికొచ్చిన పూట నేనే ఈయన్ని ఆపాను. నేనే పిలిచాను. తప్పు నాది" అన్నాను. గొంతు వణకలేదు వదినా. ఇంట్లో చాలాసార్లు అనుకుని చూసుకున్నాను, అందుకే.

డప్పు ఆగిపోయింది. మెలెసియో నన్ను చూడలేదు, ఆయన్ని చూశాడు. "నిజమేనా నికాసియో?" అని అడిగాడు.

నాకు అంతవరకే తెలుసు. ఆ తర్వాత ఏమవుతుందో నేను ఆలోచించలేదు. కాదు, ఇది అబద్ధం అని ఆయన ఒక్క మాటంటే చాలు, నన్ను ఈడ్చి అవతల పడేసేవాళ్ళు, ఆయన పైకెక్కేవాడు. ఆయన నా వంక చూడలేదు. స్తంభం కొస వంక చూశాడు. తర్వాత తన ఎడమకాలి వంక చూశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. "నిజమే" అన్నాడు.

నాతో ఎంత బుకాయించినా దేవుడి దగ్గర జన్మలో అబద్ధమాడని మనిషి, అడవి ముసలాయనకి మొక్కి తెచ్చిన చెట్టు ముందు నుంచుని ఆ మాటన్నాడు. టోపీ తీసి ఫెర్మిన్ తల మీద పెట్టాడు. మళ్ళీ గోతి దగ్గర సారా పోసి, ఇంకో కోడిని కోసి, తన తాడు జట్టులో ఇంకొకడికిచ్చి మధ్యాహ్నానికి ఫెర్మిన్ ఎక్కాడు. బాగా ఊదాడు. మీ తమ్ముడు జనం వెనక గోడకి ఆనుకుని విన్నాడు.

ఊళ్ళో నా సంగతి మీకు రెఫూహియో చెప్పే ఉంటాడు. మర దగ్గర నేను వెళితే మాటలు ఆగిపోతాయి. నా పిండి చివర ఆడతారు. మెలెసియో పెళ్ళాం నా నీడ తగలకుండా పక్కకి జరుగుతుంది. ఏడుపొస్తుంది, మానుతుంది.

నిజం ఎవరికీ చెప్పకండి. మెలెసియోకి అసలే చెప్పకండి. ఇద్దరమూ నిష్ఠగానే ఉన్నామని తెలిస్తే, వచ్చే పండక్కి ఆయనే ఈయన చేతిలో పిల్లనగ్రోవి పెడతాడు. మీరు తిడుతూ రాసిన ఉత్తరం మర దగ్గర నేనే పైకి చదివి వినిపించాను, నైవేద్యం మాట దాకా. అందరూ నమ్మారు. వచ్చే వారం ఆయన్ని తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వస్తున్నాం, నిన్న రాత్రి ఆయనే వస్తానన్నాడు. అదే బస్సులో మనూరివాళ్ళుంటారు. స్టాండులో నన్ను చూడగానే గట్టిగా తిట్టండి వదినా. మొహమాటపడకండి.

పండగైనప్పటి నుంచీ నిన్నటిదాకా ఆయన నాతో మాట్లాడలేదు. పెట్టింది తిన్నాడు, పొలానికి వెళ్ళాడు, వచ్చాడు. నా మీద కోపమేమో, తన మీదే ఏమో, అడగలేదు. నిన్న సాయంత్రం తొట్టి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. నేను వాకిట్లో మొక్కజొన్న ఒలుస్తున్నాను. కాసేపటికి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. తలెత్తి చూస్తే చేతుల్నిండా నురగతో అలాగే నుంచుని ఉన్నాడు.

"సబ్బు పెట్టుకుంటున్నా. వచ్చి పట్టుకో" అన్నాడు.

వెళ్ళి రెండు భుజాలూ పట్టుకున్నాను. రెండు కళ్ళూ మూసుకున్నాడు. ఇన్ని నెలలకి మొదటిసారి మొహమంతా ఒకేసారి కడుక్కున్నాడు.

మీ
తోమాసా